పందికొక్కుల ఇంటిపేర్లు

అమీర్‌పేటలో మీ పిల్లలు ఏం చదువుతున్నారని ఎవరిని అడిగినా ఆ రోజుల్లో ఒకటే మాట. జావా. కాకపోతే డాట్‌నెట్. మైత్రీవనం బిల్డింగు ముందు నడుస్తుంటే చేతుల్లోకి కాగితాలు తోసేవాళ్లు, ముసలీ ముతకా అని కూడా చూసేవాళ్లు కాదు. ఒక పిల్లాడు నన్నే ఆపి "అమ్మా, డెమో క్లాస్ ఫ్రీ" అన్నాడు. నేను ఆ కాగితంలో అల్లం ముక్క చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

అలాంటి అమీర్‌పేటలో మా మనవరాలు అనుపమ పందికొక్కుల మీద చదివేది.

చదవడమంటే పుస్తకం ముందేసుకుని కూర్చోవడం కాదు. సాయంత్రం బోన్లు పట్టుకుని నాలా ఒడ్డుకు, అదే పెద్ద మురుగుకాల్వ ఒడ్డుకు, పోయేది, పొద్దున్నే పోయి చూసేది. యూనివర్సిటీలో దానికి డాక్టరు పట్టా ఇస్తారట. మందులిచ్చే డాక్టరు కాదు, ఇంకో రకం. బోనులో ఎండు చేప ముక్క పెడితే చాలు, పందికొక్కు పరుగెత్తుకొస్తుంది. ఆ ఎండు చేపలు కొనుక్కొచ్చేది నేను, ముక్కలు చేసేది నేను, దాని వెంట నాలా దాకా పోయేది కూడా నేనే. దాని తల్లికి ఆ వాసన పడదు. నేను వీధిలోకి అడుగుపెడితే పిల్లులన్నీ నా వెనకే పెళ్లి ఊరేగింపులాగా నడిచేవి.

మా కొడుకు విజయేందర్‌కు ఇదంతా తలకొట్టేసినట్టుగా ఉండేది. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు వాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని బిడ్డను దెప్పాడు.

"మస్తు పేరు తెచ్చినవ్ బిడ్డా. మా ఫ్యాక్టరీల అందరి పిల్లలు కంప్యూటర్ ముంగట కూసుంటున్రు. నా బిడ్డ మురికి మోరి ముంగట కూసుంటున్నది."

"కంప్యూటర్ ముంగట లక్ష మంది ఉన్నరు డాడీ," అంది అనుపమ, కూర వడ్డించుకుంటూ. "మోరి ముంగట నేనొక్కదాన్నే."

నాకు పొలమారింది నవ్వలేక. వాడు నా వైపు గుర్రుగా చూశాడు. వాడి స్నేహితుడొకాయన కోచింగ్ సెంటర్ నడిపేవాడు. దసరా తర్వాత అక్కడ కొత్త బ్యాచ్. అప్పటిలోగా యూనివర్సిటీలో సారు ఈ పని ఒప్పుకుంటే సరే, లేకపోతే అనుపమ బుద్ధిగా వెళ్లి జావాలో చేరాలి. ఇదీ తండ్రీ బిడ్డల మధ్య కుదిరిన మాట. అనుపమ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. అది ఓడిపోతానని అనుకునే రకం కాదు.

ఇంతకీ అది చూసేదేమిటంటే, నీళ్లు నిలిచే నేలల్లో, చిత్తడిలో బతికే కొక్కులు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏది ఎవరి సంతానం అని. అమీర్‌పేటకు ఆనుకునే ఉన్న మా బల్కంపేట వైపు నా పెళ్లినాటికి ఒక కుంట, దాని కింద వరి పొలాలుండేవి. నా పెనిమిటి రాజనర్సయ్య ఉన్నప్పుడు కోతల కాలంలో గట్లు తవ్వితే పందికొక్కుల బొరియల్లో వెన్నులకు వెన్నులు దొరికేవి. తరవాత కుంట పూడ్చారు, పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్ల మీద హాస్టళ్లు లేచాయి. మనుషులం మేం మారాం గానీ పందికొక్కులు మారలేదు. కుంట ఉన్నచోటే, బిల్డింగుల కింద, నాలా గోడల్లో అవి అట్లాగే ఉన్నాయి. అనుపమ పాత మ్యాపు తెచ్చి చూస్తే, నేను గుర్తు తెచ్చుకుని చెప్పిన చోట్లు చాలావరకు కలిశాయి. మార్కెట్ వెనక కూడా తడి నేలే అని నేను ఒట్టేసి చెప్పాను. అక్కడ బోను పెడితే పిల్లి పడింది.

పట్టిన ప్రతి కొక్కుకీ చెవి అంచు గోటి తునక అంత కత్తిరించి, మందు నీళ్లున్న చిన్న ట్యూబులో వేసుకుని, దాన్ని అక్కడే వదిలేసేది. బల్కంపేట నాలా దగ్గర పట్టినదానికి ఎడమ చెవి, పంజాగుట్ట నాలా దగ్గర పట్టినదానికి కుడి చెవి. పట్టినదాన్నే మళ్లీ పడితే తెలియాలి కదా. ఆ చెవి తునకలో దాని వంశం మొత్తం ఉంటుందట.

"అదెట్లనే?" అన్నాను నేను.

"మన ఇంటిపేరు తండ్రి నుంచి వస్తది కదా నానమ్మా. నేను చూసే ఇంటిపేరు తల్లి నుంచి వస్తది. తల్లి, తల్లికి తల్లి, ఆమెకు తల్లి, గట్ల ఎంత దూరమన్న ఎనకకు పోవచ్చు."

"అంటే కొక్కుల్ల పేరు నిలబెట్టేది ఆడోళ్లన్నట్టు."

"అన్నట్టే."

ఆ చదువు నాకు అక్కడికక్కడే నచ్చేసింది. ఆ తరవాత ఎవరేమన్నా నేను దాని పక్షమే.

రెండు నాలాలకూ మధ్య పెద్ద రోడ్డు, బస్సులు, షాపులు, ఎత్తైన బిల్డింగులు. పందికొక్కు ఆ రోడ్డు దాటితే బస్సు కింద పడ్డట్టే. కాబట్టి బల్కంపేట నాలాలో ఒక ఇంటిపేరు వాళ్లు, పంజాగుట్ట నాలాలో ఇంకో ఇంటిపేరు వాళ్లు ఉండాలని అనుపమ లెక్క. ట్యూబులన్నీ యూనివర్సిటీలో మిషన్లకు ఎక్కించి చూస్తే చాలావరకు అట్లాగే వచ్చింది. ఒక్కచోట తప్ప. పంజాగుట్ట నాలా వంపు తిరిగే చోట ఒక టిఫిన్ సెంటర్ వెనక పట్టినవాటిలో ముప్పాతిక భాగం బల్కంపేట ఇంటిపేరువే. ఇటు మా బల్కంపేట వైపు కూడా రెండు మూడు పంజాగుట్ట పేర్లు తేలాయి.

దాని సారు పేరు చక్రపాణి. సోమాజిగూడలో ఉంటాడు. కోప్పడే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. కోప్పడితే ఎదురు చెప్పొచ్చు. ఆయన నెమ్మదిగా అన్నాడట: "ట్యూబులు తారుమారయ్యాయి అనుపమా. ఎవరికైనా జరుగుతుంది. కానీ ఒకచోట కలిసిపోతే మిగతావి కలవలేదని ఎట్లా చెప్తాం? ఈ ఏడాది పనంతా పక్కన పెట్టాల్సిందే."

ఆ రోజు అది ఇంటికొచ్చి సంచి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను.

"పనంతా పోతే డాడీ గెలిచినట్టే," అంది. "గెలిస్తే గెలవనియ్. కానీ నేను ట్యూబులు కలపలే నానమ్మా. కలపలే."

"మరి కొక్కులు ఆడికెట్ల పోయినయి?"

"అదే తెల్వాలె."

మర్నాడే మళ్లీ పంజాగుట్ట వంపు దగ్గర బోన్లు పెట్టింది. పొద్దున్నే ఇద్దరం పోయి చూశాం. మూడో బోనులో ఉంది, పిల్లి పిల్లంత కొక్కు, పళ్లు కొరుకుతూ. అనుపమ తోలు గ్లవుసులు వేసుకుని దాని మెడ పట్టుకుని తిప్పి చూసింది. ఎడమ చెవికి నోటు చిరిగినట్టు తునక లేదు.

"నానమ్మా! ఎడమ చెవి! ఇది మన బల్కంపేటది! నేను కత్తిరించిందే!"

టిఫిన్ సెంటర్ ముందు ఇడ్లీ తింటున్నవాళ్లందరూ తిరిగి చూశారు. ఒకాయన ప్లేటు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

సారు ఆ మాట విన్నాడు, సంతోషపడ్డాడు, మళ్లీ గెడ్డం గోక్కున్నాడు. "నేను నమ్ముతాను. కానీ పరీక్ష చేసేవాళ్లు అడుగుతారు, రోడ్డెట్లా దాటిందని. ఏ చెవో మరిచిపోయి కత్తిరించావంటారు. దారి చూపించు అనుపమా. వినాయకుడి నిమజ్జనం అయిన మర్నాడు నేను రిపోర్టు పంపాలి. అప్పటిదాకా ఆగుతాను."

దారి సంగతి నేను చెప్పాను. రెండు నాలాలూ హుస్సేన్ సాగర్‌లోనే కదా పడేది. వానకు ఇటు కొట్టుకుపోయి, చెరువులో ఈది, అటు నాలాలో ఎక్కి ఉంటాయి. పందికొక్కు ఈదడం నేను కళ్లారా చూశాను, మా కుంటలో తల పైకెత్తి ఊరి పటేల్‌లాగా పోయేది. ఇదే నిజమని బల్లగుద్ది చెప్పాను. అనుపమ నా మాట తీసెయ్యలేదు. చెరువు అంచున, నాలా పొడుగునా, మధ్యలో ఉన్న సందుల్లో బోన్లు పెట్టింది. అటు నుంచి ఇటు పోతున్నవి ఉంటే మధ్యలో ఎక్కడైనా పడాలి కదా. చుంచెలుకలు పడ్డాయి, ఇంటి ఎలుకలు పడ్డాయి, ఒకసారి కప్ప కూడా పడింది. బల్కంపేట ఇంటిపేరు కొక్కు ఒక్కటీ పడలేదు.

"ఈదలేదు నానమ్మా," అంది.

"ఈదలే," అని ఒప్పుకున్నాను. నా మాట తప్పయినందుకు బాధ లేదు గానీ, చవితి దగ్గరపడుతోంది.

చవితి రోజు పొద్దున. మా ఎదురింట్లో బుచ్చిబాబుగారని ఉంటాడు, తణుకు వైపు మనిషి. జావా నేర్చుకునే పిల్లలకు హాస్టల్ నడుపుతాడు. కింద వంటిల్లు, పైన మూడంతస్తుల నిండా మంచాలు. మా వీధి వినాయకుడి పందిరికి పెద్ద ఆయనే. భక్తంటే మామూలు భక్తి కాదు, చీమ నడుస్తుంటే ఆగి దారిస్తాడు. నేను పత్రి ఇద్దామని వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. ఆయన భార్య కమలకుమారి ఆవిరి మీంచి ఉండ్రాళ్లు దించుతోంది. పళ్లెంలో సర్దుతూ, ఒక్కటి మాత్రం విడిగా తీసి ఆకులో చుట్టింది.

"గదెవరికి కమలమ్మా? దేవునికింకా పెట్టనే లేదు కదా."

"స్వామివారి వాహనానికి పిన్నిగారూ," అంది నవ్వుతూ. "దారిలో ఆకలేస్తుందంటారు మా ఆయన."

"వాహనమేంది? దారేంది?"

అంతలో బుచ్చిబాబు వెనక తలుపులోంచి వచ్చాడు. పట్టు పంచె, నుదుట బొట్టు, చేతిలో గోనెపట్టా కప్పిన చెక్క బోను. లోపల బరబరమని చప్పుడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం లేదండీ వజ్రమ్మగారూ. వానలకి నాలా పొంగింది కదా, వంటింట్లోకి వచ్చేస్తున్నాయి. చంపుతామా చెప్పండి? పాపం కదూ! అందులోనూ చవితి పూట."

"చంపొద్దు. మరేం జేస్తవ్?"

"స్కూటరు మీద పెట్టుకుని వదిలేసొస్తాను. మొదట్లో నాలా దగ్గరే వదిలేవాణ్ణండి. మర్నాటికల్లా నాకంటే ముందు వంటింట్లో ఉండేవి. అప్పట్నించీ పెద్ద రోడ్డు దాటించేస్తున్నా. రోడ్డు దాటితే ఇంక రావు."

"ఎక్కడ వదులుతవ్ బిడ్డా?"

"పంజాగుట్టలో అండి. అక్కడ నాలా పక్కన ఒక టిఫిన్ సెంటరుంది. తిండికి లోటుండదు. గాలికి వదిలేస్తామేంటండీ, మన వంటింట్లో తిన్న ప్రాణం!"

నేను పత్రి అక్కడే పడేసి వీధి గుమ్మంలోకి పరుగెత్తాను. నా మోకాళ్లు పరుగెత్తి చాలా కాలమైంది, అయినా పరుగెత్తాను. "అనుపమా! గ్లవుసులు తీసుకొని రాయే! దారి దొరికింది!"

అది తలకు నూనె రాసుకుంటున్నదల్లా అట్లాగే వచ్చింది. సంగతి చెప్తే బుచ్చిబాబును చూసి ముందు నోరు తెరిచింది, తరవాత నవ్వింది, తరవాత ఆయన కాళ్ల దగ్గర కూర్చుని గోనెపట్టా ఎత్తింది.

"అంకుల్, ఎన్ని రోజుల నుంచి దాటిస్తున్నరు?"

"హాస్టల్ పెట్టినప్పట్నించీనమ్మాయ్. ఏం, తప్పా?"

"తప్పు కాదంకుల్. మీరే నా థీసిస్."

ఆయనకు అర్థం కాలేదు గానీ చేతులు జోడించాడు. అనుపమ కొక్కును పట్టి వెలుతురుకు తిప్పింది. ఎడమ చెవి నిండుగా ఉంది. రెండో పక్క తిప్పింది. కుడి చెవికి తునక లేదు.

దాని నవ్వు ఆగిపోయింది. నాకూ ఒక క్షణం పట్టింది. కుడి చెవి అంటే పంజాగుట్ట.

"అంకుల్," అంది నెమ్మదిగా, "ఇది మీ వంటింట్ల పుట్టింది కాదు. పంజాగుట్టది. ఎవరో ఆడికెళ్లి తెచ్చి మన గల్లీల వదులుతున్నరు."

బుచ్చిబాబు మొహం ఎర్రబడింది. "ఎవడండీ ఆ దుర్మార్గుడు? వాళ్లింట్లో పడ్డ పందికొక్కుని తెచ్చి మన గుమ్మంలో వదులుతాడా? మనుషులకి బొత్తిగా బాధ్యత లేకుండా పోయిందండీ! నేను ఎంత శ్రద్ధగా..." అంటూ ఆగిపోయాడు. చేతిలో తన బోను, ఆకులో చుట్టిన ఉండ్రాయి.

కమలకుమారి స్టవ్ గట్టు మీద చేయిపెట్టుకుని విరగబడి నవ్వింది. "వాళ్లూ ఉండ్రాయి పెట్టే పంపుంటారులెండి!"

అనుపమ మా ఇంటి ఫోను నుంచి సారును పిలిచింది. సోమాజిగూడ ఎంత దూరం గనక. ఆయన పండగ బట్టల్లోనే ఆటో దిగాడు. అప్పటికి పందిట్లో పూజ అయిపోయి జనం ప్రసాదం కోసం నిలబడ్డారు. అనుపమ బోను తెచ్చి వినాయకుడి ముందే పెట్టింది. సారు వంగి చెవి చూశాడు, బుచ్చిబాబు చెప్పింది విన్నాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈయన ఒక్కరేనా, ఇంకెవరైనా ఉన్నారా?" అని జనం వైపు తిరిగి అడిగాడు.

బుచ్చిబాబే అన్నాడు: "స్వామి ముందు దాచకూడదండీ. నేను చెప్పేశాను."

ముందు జిరాక్సు షాపాయన గొంతు సవరించుకున్నాడు. "మేము బేగంపేట సైడు వదులుతం సార్. ఇంట్ల లేడీస్ చంపనియ్యరు."

పూలమ్మే చిలకమ్మ చేయి లేపింది. "మా తమ్ముడు కృష్ణానగర్‌ల ఉంటడు సారూ. ఆడికి పోయినప్పుడల్లా పూలబుట్టల పెట్టుకపోత."

"తమ్మునికి చీర, సారె ఏం లేదా? కొక్కేనా?" అన్నారెవరో. పందిరంతా ఘొల్లుమంది.

సారు ఇంకా నవ్వుతుండగానే వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. నాకు బాగా తెలిసిన గొంతు.

"సనత్‌నగర్," అన్నాడు మా విజయేందర్, నేల చూస్తూ. "మా ఫ్యాక్టరీ ఎనక. డ్యూటీకి పోయేటప్పుడు."

అనుపమ గిర్రున తిరిగింది. "డాడీ! మన ఇంట్ల పడ్డయా? నాకు చెప్పలే!"

"నీకు జెప్తే? దాన్ని ఇంట్లనే పెట్టుకుంటవ్, పేరు పెడుతవ్. ఫికర్ పట్టుకున్నది నాకు. అందుకే నువ్వు లేవకముందే స్కూటర్ డిక్కీల ఏసుకపోయిన."

"పేరు పెట్టేది నేను కాదు డాడీ. పేరు వాటి తల్లులదే," అంది అది. మళ్లీ మొదలుపెట్టింది అక్కడే, పందిట్లోనే, తల్లి నుంచి వచ్చే ఇంటిపేరు గురించి. జావా పిల్లలు ప్రసాదం చేతిలో పట్టుకుని నోరు తెరిచి విన్నారు. మా వాడూ విన్నాడు. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా టీవీ గొంతు పెంచుకున్నవాడు, ఆ రోజు పూర్తిగా విన్నాడు. చివర్న ఒక ప్రశ్న కూడా అడిగాడు. "మరి సనత్‌నగర్‌ల ఇప్పుడు మన బల్కంపేటోళ్లు దొరుకుతరా?"

"బోను పెడితే తెలుస్తది."

సారు అనుపమ భుజం తట్టాడు. "ట్యూబులు తారుమారు కాలేదు అనుపమా. పందికొక్కులే తారుమారయ్యాయి. ఏడాది పనీ అట్లాగే ఉంచు. ఒక్క తునక కూడా తీయకు. దీని మీద ఇంకో అధ్యాయం రాయి. నీళ్లు విడదీసినవాటిని మనుషులు ఎట్లా కలుపుతున్నారో, ఏ వీధి నుంచి ఏ వీధికో, అంతా. రిపోర్టులో నేనే రాస్తాను, పని సవ్యంగా ఉందని."

నేను వినాయకుడికి దండం పెట్టుకున్నాను. ఆయన కాళ్ల దగ్గర మట్టి ఎలుక ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

దసరా వచ్చింది, వెళ్లింది. కొత్త బ్యాచ్ మా అనుపమ లేకుండానే మొదలైంది. విజయేందర్ ఆ స్నేహితుడికి ఫోను చేసి, "మా బిడ్డకు టైం లేదు భాయ్, సనత్‌నగర్‌ల సర్వే ఉన్నది" అన్నాడు. సర్వే అన్న మాట ఎంత గట్టిగా అన్నాడంటే ఎదురింటికి కూడా వినబడి ఉంటుంది. డ్యూటీకి పోయేటప్పుడు వాడి స్కూటర్ ముందు ఇప్పుడు ఖాళీ బోన్లు. ఎండు చేప ముక్కలు నేనే కట్టిస్తాను, వాడి టిఫిన్ డబ్బా పక్కన పెట్టొద్దని చెప్పి మరీ.

బుచ్చిబాబుకు మాత్రం అనుపమ కట్టడి చేసింది. తన పని అయ్యేదాకా ఏ కొక్కునూ రోడ్డు దాటించొద్దు, ముందు తనకు చూపించాలి. ఆయన మాట తప్పే మనిషి కాదు. వాన పడ్డ మర్నాడల్లా పొద్దున్నే గోడ మీంచి కేక వినిపిస్తుంది.

"అనుపమా! చుట్టం వచ్చాడమ్మా!"

ఇది పళ్లు తోముకుంటూ, బ్రష్ నోట్లోనే పెట్టుకుని అరుస్తుంది.

"ఏ చెవి అంకుల్?"